దులుపుకునే జలపాతం

పొద్దు గూకితే మా జలపాతం దగ్గర ఎవరూ ఆగరు… చావు చూసి వచ్చేవాళ్ళు తప్ప.

మా కామిగిన్ దీవిలో ఒక పద్ధతి ఉంది. చావింటికి వెళ్ళినవాళ్ళు నేరుగా ఇంటికి రాకూడదు. దారిలో ఎక్కడో ఒకచోట ఆగి, బట్టలు దులుపుకుని, ఏదో ఒకటి నోట్లో వేసుకుని, అప్పుడు ఇల్లు చేరాలి. లేదంటే పోయినవాళ్ళు వెంట వచ్చేస్తారు. పట్నంలో అయితే కాఫీ కొట్ల దగ్గర ఆగుతారట. మా ఊళ్ళో కాఫీ కొట్టు లేదు, జలపాతం ఉంది. శ్మశానం నుంచి ఊరికి వచ్చే దారిలో, మలుపులో, రోడ్డు పక్కనే. మా తాతల కాలం నుంచి అందరం అక్కడే ఆగాం, అక్కడే దులుపుకున్నాం.

ఊరు ఊరంతా తరతరాలుగా తన దెయ్యాల్ని ఒకే చోట దులుపుతూ పోతే, ఆ చోట ఎంతమంది పోగవుతారో… ఎవరూ ఆలోచించలేదు.

ప్రభుత్వంవాళ్ళు వచ్చి అక్కడ పచ్చ బోర్డు పాతారు. తప్పక చూడవలసిన ప్రకృతి అందం అని రాశారు. అబద్ధమేం కాదు, అందంగానే ఉంటుంది. కొండమీంచి ఒకే ధారగా తెల్లగా దూకుతుంది, కింద గుండ్రటి మడుగు, చుట్టూ నాచుపట్టిన రాళ్ళు. పగలు వ్యానుల్లో వచ్చినవాళ్ళు ఆ మడుగులో దిగి కేరింతలు కొడుతుంటారు. వాళ్ళను చూస్తే నాకు జాలేస్తుంది. ఎవరి ఒళ్ళో కూర్చున్నారో వాళ్ళకి తెలియదు.

ఇది మా అన్న క్రిసాంతోకి జరిగింది. కొంత ఆయన చెప్పాడు, కొంత పడవ నడిపే కుర్రాడు నీలో చెప్పాడు. నేను కలిపింది ఏమీ లేదు. కలిపే ఓపిక నాకు లేదు.

మా వదిన పేరు తీవా. నోట్లో నాలుక లేని మనిషి అని ఊరంతా అనేది. ఆమెకు చాలా నాలుక ఉండేదని మరదల్ని నాకు తెలుసు. గుండె జబ్బుతో పోతూ పోతూ, తనను దీవికి అటువైపున్న పుట్టింటి ఊళ్ళో, వాళ్ళమ్మ సమాధి పక్కన పెట్టమంది. అలాగే పెట్టాం. తిరిగొస్తుంటే డ్రైవరు అలవాటుగా జలపాతం దగ్గర జీపు ఆపాడు. అందరం దిగాం.

అన్న కూడా దిగాడు.

అక్కడే తప్పు జరిగింది. చుట్టపక్కాలు దులుపుకోవాలి గానీ, కట్టుకున్నవాడు దులుపుకోకూడదు. ఆయన జీపులోనే కూర్చోవాలి, కూర్చుని ఆమెను ఇంటికి తెచ్చుకోవాలి. నలభయ్యో రోజు దాకా ఆమె ఇంట్లో తిరుగుతుంది. ఆ రోజు జపమాల చదివి, ఆమె కంచంలో ఆమెకు వడ్డించి, సాగనంపుతాం. కానీ ఏడ్చి ఏడ్చి ఉన్న మనిషికి ఏం తెలుస్తుంది? ఎవరో చేతిలో ఉడికిన మొక్కజొన్న పొత్తు పెట్టారు, తిన్నాడు. అందరూ దులుపుకుంటుంటే తనూ చొక్కా దులుపుకున్నాడు. జీపెక్కాడు.

ఆ తర్వాత ఇంట్లో ఏ అలికిడీ లేదు.

పోయినవాళ్ళు మా దగ్గర గోధుమరంగు పెద్ద సీతాకోకచిలుకలా వస్తారు. రాత్రిపూట దీపం దగ్గరికి వచ్చి గోడమీద వాలతారు. ఎదురింటి సెలెస్తినా మొగుడు, బతికున్నన్నాళ్ళూ ఇంటిపట్టున ఉండని మనిషి, పోయిన మర్నాడే వచ్చి వాలాడు. మా అన్న రోజూ కిటికీ తెరిచి, దీపం పెట్టుకుని కూర్చునేవాడు. దోమలు తప్ప ఏవీ రాలేదు.

"నామీద కోపమేమో చెల్లీ," అనేవాడు.

"కోపమైతే గిన్నెలన్నా ఎత్తేసేది అన్నా," అనేదాన్ని.

నలభయ్యో రోజుకి ముందు సాయంత్రం నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. మర్నాటి వంటకి సుమాన్ చుడుతున్నాను. కొబ్బరిపాలలో నానిన బియ్యాన్ని ఆకుల్లో పొట్లాలు కడుతుంటే చేతులన్నీ జిగురు. అన్న గుమ్మంలో కూర్చుని తాళ్ళు అందిస్తున్నాడు. అందిస్తున్నవాడు ఆగిపోయాడు.

"చెల్లీ… ఆ రోజు జీపు ఆగినప్పుడు నేను దిగానా?"

"అందరం దిగాం కదన్నా."

"దులుపుకున్నానా?"

నేను పొట్లం కట్టుకుంటూ పోయాను. ఆయన లేచి, చొక్కా తొడుక్కుని, మోటారుసైకిలు తాళం తీసుకున్నాడు.

"చీకటి పడుతోంది అన్నా."

"చీకట్లోనే కదా దొరుకుతారు."

"రేపు ఎలాగూ వెళ్ళిపోయేదే. ఎక్కడినుంచి వెళ్తే ఏంటి?"

ఆయన నావైపు తిరిగాడు. ఆ ముఖం నేను మా అమ్మ పోయినప్పుడు కూడా చూడలేదు. "వెళ్ళేది వెళ్తుంది. ఇంటి గుమ్మంలోంచి వెళ్ళాలి గానీ, రోడ్డు మలుపులోంచి వెళ్తుందా? దిక్కులేనిదా?" అన్నాడు. మర్నాడు మధ్యాహ్నం ప్రార్థన అయ్యేలోపు తీసుకొస్తానని చెప్పి వెళ్ళాడు.

జలపాతం దగ్గరికి చేరేసరికి బాగా చీకటి పడింది. బండి ఆపాడు. లైటు ఆరింది. నీళ్ళ హోరు తప్ప ఇంకేం లేదు.

"పెద్దలూ… దారివ్వండి," అని మెల్లగా అన్నాడు. చీకట్లో అడుగుపెట్టే ముందు మేమంతా అనే మాటే. ఎప్పుడూ ఎవరూ జవాబివ్వరు.

"రా," అంది చీకటి.

అన్న వెనక్కి తిరిగి బండి దాకా పరిగెత్తుదామనుకున్నాడు. కానీ రేపు మధ్యాహ్నం గుర్తొచ్చింది. రాయి తర్వాత రాయి పట్టుకుంటూ కిందికి దిగాడు. నాచు… చలి… ముఖంమీద తుంపర. మడుగు అంచుకి వచ్చి, గొంతు తగ్గించి పిలిచాడు.

"తీవా…"

ఇంకో అడుగు ముందుకు వేశాడు.

"తీవా… నేనే."

ఎవరో దగ్గారు. దగ్గింది ఆడగొంతు కాదు.

"మెల్లగా పిలవయ్యా. కోడికి ఇప్పుడే కునుకు పట్టింది."

బాల్తసార్! మా ఊరి కోడిపందాలకి తీర్పు చెప్పేవాడు. పోయి చాలా ఏళ్ళయింది. మడుగు పక్కన చదును రాయిమీద, చంకలో కోడితో కూర్చుని ఉన్నాడు. ఆ కోడి కూడా పోయినదే.

అప్పటికి అన్న కళ్ళు చీకటికి అలవాటు పడ్డాయి. అలవాటు పడకపోయినా బాగుండేదన్నాడు. మడుగు చుట్టూ, రాళ్ళమీద, ధార వెనకాల, పైన చెట్లవేళ్ళ దాకా… కూర్చుని ఉన్నారు. ఆఖరి జీపు కోసం కాసుకున్న జనంలా. ఒక్కొక్కరే ఆయనవైపు తల తిప్పారు. సగానికి సగం తెలిసిన ముఖాలే.

"మావాళ్ళెవరైనా పంపారా నిన్ను?" అంది ఒక ముసలామె.

"మా అబ్బాయి పంపాడా?" అన్నాడు ఇంకొకాయన.

అందరిదీ అదే గుసగుస. నీళ్ళ హోరు కింద హోరులా. మా అన్న కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడట. ఎవరూ పంపలేదని చెప్పడానికి నోరు రాలేదు.

"తీవా కోసం వచ్చాడు," అని బాల్తసారే అందరికీ చెప్పాడు. గుసగుస ఆగిపోయింది. "తీవా ఇక్కడ లేదయ్యా. ఒక్క రాత్రే ఉంది."

"ఎక్కడికి పోయింది?"

"తెల్లారి వ్యాను వచ్చింది. ఈతకొట్టారు, ఫోటోలు తీసుకున్నారు, పోయారు. దులుపుకోవడం వాళ్ళకేం తెలుసు? వెనక సీటు ఖాళీగా ఉంది. ఎక్కి కూర్చుంది."

"మీరు ఆపలేదా?"

"ఎందుకు ఆపాలి? వెళ్తూ వెళ్తూ చెయ్యి కూడా ఊపింది. వేన్నీటి గుంటలకి పోతున్నాం అని వ్యానులో ఎవరో అంటుంటే విన్నాను."

అన్నకి అర్థం కాలేదు. "రోజూ ఇన్ని వ్యాన్లు వస్తాయి కదా. మరి మీరెవరూ ఎందుకు ఎక్కరు?"

బాల్తసార్ కోడి వీపు నిమిరాడు. "ఎక్కి ఏం చూస్తాం? అన్నీ ఉన్నవేగా. మనం ఇక్కడివాళ్ళమే."

నాకు ఆ మాట వింతగా అనిపించలేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. చచ్చినా మా బుద్ధి మారదు.

పైకి ఎక్కి, బండి దగ్గర నిలబడి, అన్న అలవాటుగా చొక్కా అంచు పట్టుకున్నాడు. కింద చీకట్లోంచి అందరూ చూస్తున్నారు. దులపడానికి చెయ్యి రాలేదు. అలాగే బండెక్కాడు. ఎక్కుడు దారిలో బండి మూలిగింది, పెళ్ళి బృందాన్ని ఎక్కించుకున్నట్టు. వేన్నీటి గుంటల దగ్గర ఆపగానే తేలికైపోయింది. దాని సంగతి అన్న ఆలోచించలేదు. నేను ఆలోచించాను, అందుకే ఇప్పుడు మోకాళ్ళు పట్టేసినా అటువైపు పోవడం లేదు.

హిబోక్-హిబోక్ కొండ కింద ఆ గుంటలు. కొండ కడుపులో నిప్పు ఉంది కాబట్టి నీళ్ళు రాత్రీ పగలూ వెచ్చగానే ఉంటాయి. గేటు దగ్గర కాపలావాడు ఫెర్మిన్, కుర్చీలో కూర్చుని లన్సోనెస్ పళ్ళు వొలుచుకుంటున్నాడు. ఇతను బతికే ఉన్నాడు. నేను కనుక్కున్నాను.

"మూసేశాం అన్నా. రేపు రండి."

"మా ఆవిడ కోసం వచ్చాను."

"లోపల ఆడవాళ్ళెవరూ లేరు," అన్నాడు ఫెర్మిన్. ఒక పండు నోట్లో వేసుకుని, గింజ ఊసి, ఇటూ అటూ చూసి గొంతు తగ్గించాడు. "కనబడేవాళ్ళు లేరు."

అన్న అతని పక్కన నేలమీద కూర్చుండిపోయాడు.

"చివరి గుంటలో, మూల," అన్నాడు ఫెర్మిన్. "నెల్లాళ్ళుగా… గేటు మూశాక చూస్తే, ఆ మూల నీళ్ళు మెడదాకా మనిషి కూర్చున్నట్టు సొట్ట పడి ఉండేవి. మనిషి ఉండదు. సొట్ట ఉంటుంది. మొదట్లో భయమేసింది. తర్వాత ఆవిడెవరో పాపం, ఎవరినీ ఏమీ అనదు కదా అని వదిలేశాను. మధ్యమధ్య నీళ్ళలో మోకాళ్ళు రుద్దుకుంటున్న చప్పుడు వచ్చేది. నొప్పులేమో."

అన్న ఆ చీకట్లో ఏడ్చాడు. నాతో చెబుతూ కూడా ఏడ్చాడు. "మోకాళ్ళు లాగేస్తున్నాయి, ఒక్కసారి ఆ వేన్నీళ్ళకి తీసుకుపో అని ఎన్నిసార్లు అడిగిందో చెల్లీ. నూనె రాసుకో అనేవాణ్ణి. కూతవేటు దూరం!"

"ఇప్పుడూ ఉందా?" అని అడిగాడు ఫెర్మిన్‌ని.

"లేదన్నా. నిన్న సాయంత్రం కొరియా ఆడపిల్లలు నలుగురు వచ్చారు. వాళ్ళు వెళ్ళిపోతుంటే, వాళ్ళ వెనకే తడి అడుగులు… గుంటలోంచి వ్యాను దాకా. నేనే తలుపు వేశాను." ఫెర్మిన్ ఇంకో పండు వొలిచాడు. "తెల్లారితే తెల్ల దిబ్బకి పోతామన్నారు."

తెల్ల దిబ్బ మా ఇంటి ముంగిట్లోంచి కనబడుతుంది. సముద్రం మధ్యలో తెల్లటి ఇసుక, అంతే. చెట్టు లేదు, నీడ లేదు, గుడిసె లేదు. పోటు వస్తే సగం మునిగిపోతుంది. దాన్ని చూడటానికి దేశదేశాల నుంచి వస్తారు. ఈ వయసు వచ్చింది, నేను కాలు పెట్టలేదు. చేపలు కూడా పడని చోటుకి ఎందుకు పోవాలి? బతికున్నప్పుడు ఒక్కతే వాకిలి దాటని మా వదిన మాత్రం పోయాక కాలికి బలపం కట్టుకుంది.

రాత్రిపూట పడవలు పోవు. అన్న ఒడ్డున, బోర్లించిన పడవమీద కూర్చున్నాడు. దిబ్బ ఎక్కడుందో చీకట్లో తెలియలేదు. అలలు ఎక్కడ విరుగుతున్నాయో ఆ చప్పుడు విని, అటే చూస్తూ కూర్చున్నాడు.

తూరుపు తెల్లబడుతుండగా నీలో వచ్చాడు. వాడు రోజూ పర్యాటకుల్ని దిబ్బకి దాటించేవాడు. ఆయన్ని చూసి కంగారుపడ్డాడు.

"బాబాయ్, మీరా? ఈ వేళప్పుడు? ఎవరైనా మునిగిపోయారా?"

"దిబ్బకి తీసుకుపో."

"ఎందుకు?"

"చూడ్డానికి."

నీలో కాసేపు ఆయన ముఖంలోకి చూశాడట. మా ఊరివాళ్ళెవరూ వాణ్ణి ఎప్పుడూ ఆ మాట అడగలేదు. "ఈరోజు పిన్ని నలభయ్యో రోజు కదా, ఇంట్లో మీకోసం చూడరూ?" అన్నాడు.

"పది నిమిషాల పని. వెంటనే ఇద్దరం వచ్చేస్తాం."

నీలో ఆ 'ఇద్దరం' విన్నాడు. వినగానే పడవకి అడ్డంగా కట్టిన వెదురుబొంగుమీద కూలబడి, సిలువ గుర్తు వేసుకున్నాడు. కానీ ఇంజను వేశాడు. బాబాయ్ అడిగితే కాదనలేడు.

దిబ్బమీద ఎవరూ లేరు. అన్న దిగి, నీళ్ళలోంచి నడిచి, ఇసుక ఎక్కాడు. తెల్లగా… ఈ చివర నుంచి ఆ చివరకి… ఖాళీ. రెండు కొంగలు. రాత్రంతా ఆపుకున్న భయం అప్పుడు వచ్చిందన్నాడు. ఇక్కడినుంచి కూడా వెళ్ళిపోయిందేమో. ఇక ఎక్కడని వెతకాలి? ఎండెక్కుతుంది. ఇంట్లో అందరూ వచ్చేస్తారు. జపమాల మొదలవుతుంది…

కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

నీటి అంచున కూర్చుని ఉంది. వీపు ఇటు, ముఖం దీవివైపు. మేం కట్టి పంపిన నీలం గౌనే. కాళ్ళు బారజాపుకుంది. చుట్టూ ఇసుకలో ఒక్క అడుగు లేదు. కూర్చున్న చోట ఇసుక నలగలేదు.

అన్న వెళ్ళి పక్కన కూర్చున్నాడు. తాకడానికి ధైర్యం చాలలేదు.

"వచ్చావా," అంది వదిన. తల తిప్పలేదు. "తిన్నావా?"

"లేదు."

"చూశావా, నేను లేకపోతే తిండి కూడా తినవు."

"ఇంటికి పోదాం పద, తీవా."

"అదిగో చూడు," అంది ఆమె.

ఎదురుగా మా దీవి. కొండ కొండంతా ఒక్కసారిగా, మొదలు నుంచి మబ్బు దాకా. ఎండ ముందు శిఖరానికి తగిలి, అక్కణ్ణించి మెల్లగా కొబ్బరితోటలమీదికి దిగుతోంది. కింద సముద్రం అంచున చిన్న చిన్న రేకు కప్పులు, వాటిమీద పొయ్యిల పొగ. మా అన్న నోరు తెరుచుకుని చూశాడట.

"మనం ఉండేది అక్కడేనా?" అన్నాడు.

"అక్కడే. ఆ మూడో పొగ మీ చెల్లెలిది. అన్నం మాడుస్తోంది."

ఇది మాత్రం అన్న కల్పించి ఉంటాడు. ఆ రోజు అన్నం మాడలేదు. అడుగు పట్టింది, అంతే.

కాసేపటికి అన్న నోరు విప్పాడు. రాత్రంతా మనసులో అనుకుంటూ వచ్చిన మాట. "పొరపాటైపోయింది తీవా. జీపు ఆగింది, అందరూ దిగారు, నేనూ దిగాను. నిన్ను దులిపేసుకోవాలని కాదు. ఒట్టు. ఒంటిమీద తెలివి లేదు నాకు. నిన్ను రోడ్డుమీద వదిలేశాను…"

వదిన నవ్వింది. అప్పుడు తిరిగి చూసింది ఆయన్ని.

"నువ్వు దులిపితే రాలిపోయేదాన్నా నేను? ముప్ఫై ఏళ్ళు నీతో వేగినదాన్ని."

"మరి?"

"నేనే దిగాను." మళ్ళీ దీవివైపు తిరిగింది. "ఆ జలపాతం ముందు నుంచి నీ బండిమీద ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. ప్రతిసారీ ఒక్క నిమిషం ఆపమనేదాన్ని. ఎక్కడికి పోతుందే, మళ్ళీ వచ్చినప్పుడు చూద్దాం అనేవాడివి. ఆ రోజు బండి ఆగింది. మళ్ళీ ఆగుతుందో లేదో అని… దిగాను."

అన్న ఆమె చూస్తున్నవైపే తనూ చూశాడు.

ఇక్కడినుంచి నీలో నాకు చెప్పిన సంగతి. పోటు మొదలైంది. బాబాయ్ నీటి అంచున ఒక్కడే కూర్చుని తనలో తను మాట్లాడుకుంటున్నాడు, ఎంత పిలిచినా పలకడు. నీళ్ళు కాళ్ళమీదికి వచ్చాయి, ఒళ్ళోకి వచ్చాయి. అయినా కదలడు. ఇక లాభం లేదని నీలో పడవ దిగి, మోకాలిలోతు నీళ్ళలో నడుచుకుంటూ దగ్గరికి వెళ్ళాడు.

"బాబాయ్, లేవండి. మునిగిపోతాం. ఇంటి దగ్గర అందరూ చూస్తుంటారు…"

ఆ మాట సగంలోనే వాడు ఆగిపోయాడు. మా అన్న నడుము దాకా నీళ్ళలో ఉన్నాడు. ఆయన పక్కన, ఒక మనిషి కాళ్ళు చాపుకుని కూర్చునేంత మేర ఇసుక… పొడిగా ఉంది. నీళ్ళు వచ్చి, దాన్ని తప్పుకుని, చుట్టూ తిరిగి పోతున్నాయి.

మా అన్న తల తిప్పకుండానే చెయ్యెత్తాడట.

"కాసేపు ఆగరా," అన్నాడు. "ఇంకా చూస్తోంది."